ఎడమచేతి వాటా

రెండు కొసలు అతను, రెండు కొసలు ఎదుటి ఆమె పట్టుకుని, దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి ఇస్త్రీ చేసే వేడి రోలర్ల నోటికి అందించారు. ఆవిరి బుస్సుమంది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇంకా గుట్టగా పడి ఉన్నాయి. అంచు కాస్త వంకరపోయినా ఊరుకోడని అక్కడ అందరూ అతన్ని మడతల బాబాయ్ అంటారు.

“పిన్ని ఎలా ఉంది బాబాయ్?” అంది ఎదుటి ఆమె.

“మాట బాగా తిరిగింది. మళ్లీ తిడుతోంది.”

“అయితే కోలుకున్నట్టే!”

అతనికి నవ్వు ఆలస్యంగా వస్తుంది. వచ్చేసరికి ఇంకో దుప్పటి చేతిలో ఉంది. ఎన్నో ఏళ్ల వేడికి అతని వేళ్ల కొసలు నున్నగా మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు కాలుతోందని కూడా తెలీదు. ఆ వేళ్లతో పియానో నేర్చుకుంటున్నానని అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే రోలర్లు ఆపి మరీ నవ్వుతారు.

పోయిన వానల్లో భార్యకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగింది, చేయి తిరగలేదు. ఇంట్లో కుట్టుమిషన్ మీద వీధి వాళ్లందరి బట్టలూ కుట్టిన మనిషి, ఎవరో దాచమని ఇచ్చిన మూటలా ఆ చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చునేది. వేళ్లు కదిలిస్తూ ఉండాలని వ్యాయామం చేయించే అమ్మాయి చెబితే, అతను పాత సామాన్ల కొట్లో ఒక పియానో కీబోర్డు కొనుక్కొచ్చాడు. కుడిచేయి దాని మీద బరువుగా పడుకుందే తప్ప లేవలేదు. ఒకరోజు విసుగెత్తి ఆమె ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కింది. మళ్లీ నొక్కింది.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఇంటికొచ్చి, పాత కంప్యూటర్‌కి కీబోర్డును తీగతో కలిపి, వాయించడం నేర్పే ఒక ప్రోగ్రామ్ పెట్టాడు.

“ఇది ఓపెన్ సోర్స్ అండీ. ఎవరెవరో కలిసి రాసి అందరికీ వదిలేశారు. డబ్బు కట్టక్కర్లేదు.”

“ఊరికే ఎవరిస్తారు?” అన్నాడు అతను అనుమానంగా.

“ఇచ్చారు మరి. ఇదిగో, దీన్ని మిడి ఫైలంటారు. ఇందులో పాట ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు, ఎంతసేపు నొక్కాలో అదే ఉంటుంది. వాయించాల్సింది మనమే.”

తెర మీద రంగు కడ్డీలు పైనుంచి మెల్లగా జారి మెట్ల మీదికి దిగేవి. కుడిచేతివి పచ్చవి, ఎడమచేతివి నీలివి. సరైన మెట్టు నొక్కేదాకా కడ్డీ అక్కడే ఆగేది. పచ్చవి అతనివి, నీలివి ఆమెవి అయ్యాయి. నెమ్మదైన పాట ఒకటి ఎంచుకున్నారు. దాని పేరు పలకాలంటే ఇద్దరికీ నోరు తిరగదు.

మొదటిరోజే ఆమె అంది: “ఇన్నేళ్ల కాపురంలో నా మాట పూర్తయ్యేదాకా మీరు ఒక్కసారైనా ఆగారా? చూడండి, ఈ పెట్టె ఆగుతోంది!”

నిజమే. ఆమె ఏదో చెబుతుండగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయే అలవాటు అతనిది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆమె గదిలో నిద్రపోతోంది. అతను చప్పుడు కాకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక్కసారైనా పాట ఎక్కడా ఆగకుండా వినాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఎడమచేతి వాటాను కంప్యూటర్‌కే అప్పగించి, తన వాటా తను వాయించాడు. పాట నీళ్లలా సాగిపోయింది. సగం దాటాక, కాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. చేతులు తీసేశాడు.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

“ఆపారెందుకు? బాగుంది. నేను లేకపోతేనే బాగుంది.”

“అది కాదు... ఊరికే, ఎలా ఉంటుందో విందామని.”

“విన్నారుగా.”

అతను లేచి, తన కుర్చీ పక్కకు జరిపి, ఆమె కుర్చీ దగ్గరికి లాగాడు. నీలి కడ్డీలను మళ్లీ ఆమెకు మార్చాడు. ఆమె చాలాసేపు గుమ్మం వదల్లేదు. చివరికి వచ్చి, ఒంటిచేత్తో కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.

మొదలుపెట్టారు. ఆమె తడబడినచోట అతను తెరను చూడలేదు, ఆమె వేళ్లను చూశాడు. మిషన్ సూది కింద గుడ్డను నడిపించిన వేళ్లు. అవి చోటు వెతుక్కుంటుంటే తన చేతిని గాలిలోనే ఆపి ఉంచాడు. తొందర రాలేదు. రాకపోవడం అతనికే వింతగా ఉంది. కుంటుతూ, నిలుస్తూ పాట మొదటిసారి చివరిదాకా వచ్చింది. ఆఖరి మెట్టు ఇద్దరూ ఒకేసారి నొక్కారు.

“అయిపోయిందా?” అందామె నమ్మలేక.

“అయిపోయింది.”

ఆమె కళ్లజోడు తీసేసి గట్టిగా నవ్వింది. ముఖంలో కుడివైపు కదలకపోయినా, ఆ నవ్వు నిండుగానే ఉంది. “రేపు కొంచెం వేగంగా వాయిద్దాం. ఇప్పుడు కాస్త నడుం వాలుస్తాను. తల దిమ్ముగా ఉంది. టీ పెడతారా?”

అతను టీ పెట్టాడు. ఆమెకు ఇష్టమని అల్లం కొంచెం ఎక్కువే దంచి వేశాడు. గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్లి పిలిచాడు. పలకలేదు. నిద్ర పట్టిందనుకుని మంచం అంచున కూర్చున్నాడు. లేపకూడదనుకున్నాడు. టీ మీద మీగడ కట్టింది, కిటికీలో ఎండ వాలిపోయింది. అప్పుడు ఆమె ఎడమచేయి పట్టుకున్నాడు. మొద్దుబారిన తన వేళ్లకు చల్లదనం తెలియలేదు. చెంపను ఆనించి చూస్తేగాని తెలియలేదు.

పక్కింటావిడ వచ్చింది, డాక్టర్ వచ్చాడు. మళ్లీ అదే జబ్బని, ఈసారి నిద్రలోనే అయిపోయిందని చెప్పాడు. బంధువులకు ఫోన్లు వెళ్లాయి. ఆమె మీద దుప్పటి కప్పబోతుంటే అతను అందుకుని, ముడత లేకుండా తానే కప్పాడు. ఆ తర్వాత ఏ పనీ తోచక ముందుగదిలోకి వచ్చాడు. మనుషులకు చోటు కావాలని ఎవరో కుర్చీలు గోడవారకు లాగేశారు. కీబోర్డు ఎడమ కొసన, నల్లమెట్ల మీద, ఒక కాడకు దారం చుట్టిన ఆమె కళ్లజోడు మడవకుండా ఉంది.