పవర్ బటన్ తీగ

తీగ పీకింది భార్యే. మంచం మీద నుంచి ఆయన కళ్ళారా చూశాడు.

ముందురోజు సాయంత్రం తమ్ముడు కొత్త కంప్యూటర్ బిగించడం పూర్తిచేసి, డ్యూటీకి వేళైపోతోందని ఆన్ చేసి చూడకుండానే పరుగెత్తాడు. డబ్బా పక్క మూత తెరిచే ఉంది. పొద్దున ఆవిడ బల్ల తుడవడానికొచ్చింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. మంచం వైపు చూసింది. ఆయన రెప్పలు సగం వాలి ఉన్నాయి, నిద్రపోతున్నాడనుకుంది. దర్జీ వేళ్ళు కదా, బట్టలోంచి పోగు లాగినంత సులువుగా మదర్‌బోర్డు మూల నుంచి ఒక సన్న తీగ లాగేసి, మిగతా తీగల కట్టలోకి దోపేసింది. మళ్ళీ బల్ల తుడిచింది. తుడిచిందే తుడిచింది.

ఆ తీగేదో ఆవిడకి తెలుసు. నిన్న మరిదే చెప్పాడు. "బటన్ నొక్కిన సంగతి బోర్డుకి చేరేది దీన్లోంచే వదినా. ఇది లేకపోతే రోజంతా నొక్కుతూ కూచున్నా ఉలకదు, పలకదు."

మంచం మీదున్నాయన్ని ఆ వీధిలో అందరూ రిపేరాయన అనేవాళ్ళు. ఇంటి ముందు గదిలోనే కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత దురుసు. తెచ్చినవాణ్ణి నాలుగు అనకుండా ఏ కంప్యూటర్నీ బాగుచేసి ఎరగడు. "దీనికి టీ నువ్వే తాగించావా, లేక అదే అడిగి తాగిందా?" అనేవాడు. తిట్లు తినడానికే వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. అలాంటి మనిషి వేళ్ళలోంచి ఒకరోజు స్క్రూడ్రైవర్ జారిపోయింది. మర్నాడూ జారింది. నరాల జబ్బన్నారు. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్ళు, చివరికి ఆ నోరు. ఇప్పుడు ఆయన మాట వినేవి కళ్ళొక్కటే. అవుననాలంటే కళ్ళు పైకెత్తాలి, కాదనాలంటే గట్టిగా మూసుకోవాలి.

ఇందులో ఒక చిక్కుంది. అడిగినదానికే జవాబు చెప్పగలడు. అడగనిది లోపలే ఉండిపోతుంది.

ఊపిరి బరువెక్కుతోందని పోయిన వారం డాక్టరు ఆవిడతో చెప్పింది. "గొంతుకి రంధ్రం చేసి గొట్టం వేసి, ఊపిరి మిషన్‌కి తగిలిస్తే ఇంకా కొన్నేళ్ళు ఉండొచ్చు. లేకపోతే వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. ఆయన్ని అడిగి సోమవారానికి చెప్పండి."

"అడిగేదేముందండీ, వేయించుకుంటారు" అంది ఆవిడ. చక్రాల కుర్చీలో ఆయన పక్కనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అక్షరాల అట్ట పట్టుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ పోతుంది, కావలసినచోట ఆయన కళ్ళెత్తుతాడు. 'వ' దగ్గర ఎత్తాడు.

"వ... వాన పడుతుందేమో అనా? వాంతి వస్తోందా? దుప్పటి వదులుగా ఉందా?"

కళ్ళు మూశాడు. మూశాడు. మూశాడు. ఆవిడ వేలు మళ్ళీ కదిలింది. 'ద' దగ్గర ఎత్తాడు. కింద వత్తు ఉందా అని అడగాలి. ఆవిడ అడగలేదు. అట్ట మడిచి బీరువా మీద పెట్టేసింది. "అలిసిపోయారు, పడుకోండి" అంది. ఆ తర్వాత అట్ట కిందికి దిగలేదు.

తమ్ముడికి ఇదేమీ తెలియదు. అతను బస్సు డ్రైవరు. మాట పూర్తిగా పోకముందే ఏ భాగాలు కావాలో అన్నయ్య ముద్దముద్దగా చెప్తే విని, ఒక్కొక్కటే పోగుచేశాడు. తెర కింద చిన్న కెమెరా ఉంటుంది. కళ్ళు ఏ అక్షరం మీద నిలిస్తే ఆ అక్షరం పడుతుంది. రాసింది పైకి చదువుతుంది కూడా. పాత కంప్యూటర్లకి దాన్ని మోసే ఓపిక లేదు, అందుకే ఈ కొత్తది.

పొద్దున ఎనిమిదింటికల్లా రాత్రి డ్యూటీ దిగి అటు నుంచి అటే వచ్చాడు. చొక్కా కూడా మార్చుకోలేదు.

"చూడన్నయ్యా, ఇవాళ్టి నుంచి మళ్ళీ నీ తిట్లు వినాలి మేమంతా!" అని బటన్ నొక్కాడు.

ఏమీ లేదు. ఫ్యాన్ తిరగలేదు, దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. గట్టిగా నొక్కితే లేస్తుందేమోనని బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాడు.

గోడ స్విచ్ చూశాడు. ఆ ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెడితే తిరిగింది. వెనక ఉన్న చిన్న స్విచ్ చూశాడు. కేబుల్ మార్చాడు. డబ్బా ముందు మోకాళ్ళ మీద కూలబడి లోపలికి తొంగిచూశాడు. బోర్డు మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది. "కరెంటు వస్తోందిగా, మరి దీనికేం రోగం?" అన్నాడు. అని నాలుక్కరుచుకున్నాడు.

ర్యామ్ తీసి పెట్టాడు. ప్రాసెసర్‌కి వెళ్ళే ప్లగ్గు ఊడదీసి క్లిక్కుమనేదాకా నొక్కాడు. పవర్ సప్లైని బోర్డు నుంచి విడదీసి, పెద్ద ప్లగ్గులో పచ్చ తీగకీ నల్ల తీగకీ మధ్య వంచిన పేపర్ క్లిప్పు గుచ్చాడు. ఇది అన్నయ్య దగ్గర ఎప్పుడో చూసిన విద్య. పవర్ సప్లై ఫ్యాన్ గిర్రున తిరిగింది. మళ్ళీ బోర్డుకి తగిలించి బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తల ప్రాణం తోకకొచ్చింది అతనికి.

రిపేరాయన అంతా చూస్తున్నాడు. సరిగ్గానే వెతుకుతున్నాడు వెధవ, అనుకున్నాడు. ఒక్క పని మిగిలింది. స్క్రూడ్రైవర్ మొనతో ఆ మూలనున్న రెండు పిన్నులూ కలిపితే చాలు, లేస్తుంది.

"అన్నయ్యా, నువ్వే చెప్పు" అని తమ్ముడు వేలితో ఒక్కో భాగం చూపించడం మొదలుపెట్టాడు. "ఇదా?" కళ్ళు మూశాడు. "ఇదా?" మూశాడు. వేలు జరిగి జరిగి బోర్డు మూలకొచ్చింది. "ఈ మూల సన్న తీగలన్నీ నిన్న నేనే గుచ్చానే. అయినా అడుగుతున్నా. ఇక్కడా?"

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఎప్పుడో సగం కుట్టి వదిలేసిన జాకెట్టు. ఆయన చూపు ఆవిడ మీదికి పోయింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని అలా చూడలేదు ఆయన.

గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. కాదు.

ఏ యంత్రం విషయంలోనూ అబద్ధమాడని మనిషి.

"అయితే బోర్డే పోయింది" అన్నాడు తమ్ముడు. కొన్నచోటికి ఫోన్ చేశాడు. వెనక్కి పంపితే కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. బిగించేటప్పుడు మీరే కాల్చేసుంటారని కూడా అన్నారు. ఫోన్ పెట్టేసి అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "దరిద్రపు చేతులు! స్టీరింగ్ తిప్పుకోక నాకెందుకీ సూక్ష్మం పనులు? అన్నయ్య నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే..." రెండు చేతులతోనూ నెత్తి మొత్తుకున్నాడు. నిజంగానే, చప్పుడయ్యేలా. తర్వాత బోర్డు పెట్టడానికి అట్టపెట్టె తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఆవిడ వచ్చి మంచం అంచున కూచుంది.

"పొద్దున మీరు చూశారు కదూ?"

కళ్ళెత్తాడు.

"మరి చెప్పలేదేం?" అంది. అది అవును కాదుల్లో చెప్పేది కాదు. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది మొదలైతే మీరేం రాస్తారో నాకు తెలుసు. ఆ రోజు అట్ట మీదే తెలిసింది. సోమవారం దాటిపోతే చాలు, గొట్టం వేసేస్తే ఆ పైన తిట్టుకుంటే తిట్టుకుంటారులే అనుకున్నా." "మీకు ఒళ్ళు తుడవడం, మీకు జావ పట్టడం, మీరు దగ్గితే లేవడం... ఇవి లేకుండా పొద్దున్నే లేచి నేనేం చేయాలండీ?"

ఆయన కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారింది. తుడుచుకోలేడు. ఆవిడ తుడిచింది. తుడుస్తూనే, మొహం మొహం చూసుకునేంత దగ్గరగా వంగి అడిగింది.

"గొట్టం వద్దా మీకు?"

కళ్ళెత్తాడు. ఎత్తి అలాగే ఉంచాడు, ఆవిడ మళ్ళీ పొరబడకుండా.

ఆవిడ లేచింది. తీగల కట్టలోంచి సన్న తీగ బయటికి లాగి పిన్నుల దగ్గర పెట్టింది. ఎటువైపు గుచ్చాలో తోచక ఆయన వంక చూసింది. "ఇలాగా?" కళ్ళెత్తాడు. బటన్ నొక్కింది. ఫ్యాన్లు ఒక్కసారిగా గుర్రుమన్నాయి.

ఆ చప్పుడు విని తమ్ముడు అట్టపెట్టెతో సహా లోపలికి ఉరికాడు. "ఎలా? ఏం చేశారు వదినా?"

"తీగ పెట్టాను. పొద్దున పీకిందీ నేనే."

అతను ఎందుకని అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు. తెర సర్ది కెమెరా తగిలించాడు. చుక్కలు వచ్చినచోటల్లా చూడమన్నాడు. ఆయన చూశాడు. కాసేపటికి అక్షరాలు పడ్డాయి, ఒక్కొక్కటే, చీమ నడిచినట్టు. ఆవిడ మధ్యలో అందుకోలేదు. పెదవులు బిగించుకుని నిలబడింది. చివరికి కంప్యూటర్ ఎవరో పరాయి ఆడమనిషి గొంతుతో చదివింది.

"గొట్టం వద్దు. ఇంట్లోనే ఉంటాను."

తమ్ముడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "దీనికోసమా నేను దీన్ని బిగించింది? నీ చావు కబురు నా చేతులతో నేనే చెప్పించుకోవడానికా?"

అక్షరాలు మళ్ళీ పడ్డాయి. ఇద్దరూ నిలబడి ఎదురుచూశారు.

"దీనికి కూడా" అంది పరాయి గొంతు.

తమ్ముడు అట్టపెట్టె అక్కడే పారేసి వెళ్ళిపోయాడు. సోమవారం మాత్రం వచ్చాడు. అన్నయ్యని ఎత్తి కుర్చీలో కూచోబెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి. తెర మీద రాసింది ఆవిడ ఫోన్లో ఫొటో తీసి పట్టుకెళ్తే డాక్టరు తనే చదువుకుంది, ఒకసారి ఆయన్ని అడిగింది, ఆయన కళ్ళెత్తాడు. భార్య సంతకం పెట్టింది.

వానలు మొదలయ్యేదాకా ఉన్నాడు రిపేరాయన. ఊపిరి తక్కువైన కొద్దీ రాత ఎక్కువైంది. కొట్లో ఉండిపోయిన కంప్యూటర్లలో ఏది ఎవరిదో చెప్పి ఇప్పించేశాడు. జావలో ఉప్పు లేదన్నాడు. కుట్టు పని మళ్ళీ మొదలుపెట్టమని ఆవిడ్ని రోజూ పోరుపెట్టాడు. "మళ్ళీ మొదలైంది నోరు" అని విసుక్కునేది ఆవిడ. విసుక్కుంటూ ప్రతి అక్షరం పడేదాకా అక్కడే నిలబడేది.

తమ్ముడూ రోజూ వచ్చేవాడు. స్నానం చేయించేవాడు, పక్కకి తిప్పి పడుకోబెట్టేవాడు. తెర వంక మాత్రం చూసేవాడు కాదు. పనయ్యాక దానికి వీపు పెట్టి కూచుని, బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారో గోడకి చెప్పుకునేవాడు.

ఒకరోజు వెనక నుంచి పరాయి గొంతు పలికింది. "ఇటు తిరుగు."

అతను తిరగలేదు. కొంతసేపటికి మళ్ళీ అంది. "ఇటు తిరుగురా వెధవా."

తమ్ముడి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనక నుంచి తెలియలేదు. కుర్చీ తిప్పుకుని "ఏంటి?" అన్నాడు. ఏదో రాస్తాడనుకుని తెర వంక చూశాడు. తెర మీద కొత్తగా ఏమీ లేదు. ఆయన తమ్ముడి మొహం చూస్తున్నాడు. తమ్ముడు గడ్డం గీసుకోలేదు, చెంపల మీద తెల్ల వెంట్రుకలొచ్చాయి. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మొహంలో అవి ఎప్పుడొచ్చాయో గమనించలేదు ఆయన.

ఆ వారంలోనే పోయాడు. మధ్యాహ్నం పూట, ఆవిడ ఆయన తల దువ్వుతుండగా.