చింతపండుతో తోమిన ప్లాటినం

నేను ఒక సెల్‌ని. అప్పుడే జేబులు తడుముకోకండి, నేను మోగే రకం కాదు, మునిగే రకం. ఉప్పునీళ్లలో మునిగి, వాటిలోంచి కరెంటు ఎంత సులువుగా నడుస్తుందో చెప్పే కండక్టివిటీ సెల్‌ని. బస్సు కండక్టరు జనాన్ని కనిపెట్టినట్టు నేను అయాన్ల రాకపోకల్ని కనిపెడతాను. టిక్కెట్టు కొట్టను, అంతే తేడా.

కలకత్తాలో గాజు ఊదే పెద్దాయన ఒకాయన గోరంత ప్లాటినం రేకులు రెండింటిని ఎదురుబొదురుగా నిలబెట్టి, గాజు గొట్టంలో అతికించి నన్ను పుట్టించాడు. ఆ రేకుల మీద నల్లటి పూత పూశాడు. అంత ఖరీదైన లోహానికి నలుపేమిటంటారా? అదీ ప్లాటినమే, మెత్తని పొడి రూపంలో. రేకు నున్నగా ఉంటే అయాన్లు ఫుట్‌బోర్డు మీది జనంలా గుమ్మంలోనే గుమిగూడి, వెనకవాళ్లకి దారివ్వవు. నల్లపూతలో లెక్కలేనన్ని సందులూ గొందులూ ఉంటాయి కాబట్టి అందరికీ చోటు దొరుకుతుంది. మీకు మరకగా కనిపించేదే నా మార్కు!

డెబ్బై ఎనిమిదిలో విజయనగరం వైపు ఒక పి.జి. సెంటరుకి వచ్చాను. ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పే సన్యాసిరాజు మాస్టారు నన్ను పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి, నా స్థిరాంకం, అంటే నా ప్రతి కొలతనీ హెచ్చవేయాల్సిన అంకె, కనిపెట్టి, ‘1.04’ అని సొంత దస్తూరీతో చీటీ రాసి నా మెడకి అంటించారు. ఆ చీటీ అంటే ఆ లాబులో అందరికీ భక్తి. ఎంత భక్తంటే, మళ్లీ ఎవరూ సరిచూసిన పాపాన పోలేదు.

ఎన్ని చేతులు నన్ను పట్టుకున్నాయో! వణికే చేతులు, గోళ్లరంగు చేతులు, ముందురోజు మామిడికాయ తిన్న చేతులు. ధనావేశం, ఋణావేశం అని పాఠాలు చదివిన పిల్లలు పరీక్షరోజున ఉత్త ఆవేశంతో వచ్చేవారు. వాళ్లలో ఒక్కరూ నా మొహం చూసేవారు కాదు. అందరి చూపూ పక్కనున్న, కొలత చూపించే బ్రిడ్జి పెట్టె మీద, దానికున్న ఆకుపచ్చ దీపం ‘మ్యాజిక్ కన్ను’ మీద. పని నాది, చూపులు దానివి! అయినా ఆ పచ్చటి వెలుగు తలుచుకుంటే ఇప్పటికీ నా గాజు చెమ్మగిల్లుతుంది.

వాళ్లందరిలో పైడిరత్నం వేరు. నేనొచ్చిన ఇరవయ్యేళ్లకి చేరిన ఎం.ఫిల్. పిల్ల. నన్ను ముంచేముందు మూడుసార్లు కడిగేది, పని అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌లో నిలబెట్టి, “పడుకో” అని చెప్పి మరీ వెళ్లేది. ఆమె కొలిచిన ఉప్పుల గీతలు గ్రాఫు మీద సాగదీసిన దారంలా ఉండేవి.

ఇంతలో దసరా వచ్చింది. మా లాబులో ఆయుధపూజ ఆనవాయితీ. త్రాసుకి గంధం, బ్యూరెట్టుకి బొట్టు, బ్రిడ్జికి బంతిపూలదండ. పూజకి ముందురోజు మాస్టారు అటెండరు అప్పలకొండమ్మని పిలిచి, “రేపటికి ప్రతి వస్తువూ తళతళలాడాలి” అని హుకుం జారీ చేశారు. ఆవిడ తళతళకి అర్థం తెలిసిన మనిషి. ఇత్తడి కుందులు తోమిన చింతపండే ఈనెపుల్లకి గుడ్డతో చుట్టి నా గొట్టంలోకి దింపింది. అరగంటలో నా నలుపంతా ఊడి కాలవలో కలిసిపోయింది. ఏళ్ల తరబడి ద్రావణాలకి జడవనివాణ్ణి, రావణుణ్ణి చంపే పండగ ముంగిట చింతపండుకి ఓడిపోయాను. మర్నాడు మెరిసిపోతూ బొట్టు పెట్టించుకున్నాను. నోరు లేదు గదా, ఏం చెప్పను?

పండగ తరవాత రత్నం కొలిచిన ప్రతి ఉప్పు గీతా గాఢత పెరిగేకొద్దీ తల వాల్చేసింది. ఆమె మళ్లీ తూచింది, మళ్లీ కలిపింది, మళ్లీ కొలిచింది. నెల్లాళ్లు గడిచినా గీత లేవలేదు.

మాస్టారు గ్రాఫు బల్లమీద పడేశారు. “సెల్ నాది, చీటీ నాది. తేడా నీ తూకంలోనే ఉంది. సోమవారానికి గీత తిన్నగా రాకపోతే రీసెర్చి మానేసి బి.ఎడ్.లో చేరమ్మా. మీ నాన్నకి నేనే చెప్తాను.”

శనివారం మధ్యాహ్నం రత్నం తన బీరువా ఖాళీ చేస్తూ, ముక్కు ఎగబీలుస్తూ బీకర్లు కడుగుతోంది. అప్పలకొండమ్మ చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

“ఏటమ్మా, అలాగైపోనావు?”

“నా పని శుభ్రంగా లేదంట కొండమ్మా.”

“నీ పనా? బాగుంది! ఈ గదిలో మురికెక్కడుందమ్మా? ఆ గాజుబుడ్డి లోపల మసి కూడా ఒగ్గనేదు నాను. సింతపండెట్టి తోమీసినాను!”

రత్నం చేతిలోని బీకరు జారి భళ్లుమంది. పరుగున వచ్చి నన్ను కిటికీ వెలుగులోకి ఎత్తింది. అన్నేళ్లలో నా మొహంలోకి చూసిన మొదటి మనిషి ఆమే. ఏడుస్తోందో, నవ్వుతోందో నాకే తెలియలేదు.

అంతలోనే ఆమె మొహం వాడిపోయింది. మాస్టారికి చెబితే కొండమ్మ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తన రెండేళ్లూ పోతాయి. సోమవారం డిపార్ట్‌మెంటు మొత్తం కూర్చున్న గదిలో, “సెల్ మీద నల్లపూత పోయింది సార్” అని మాత్రం చెప్పి తల దించుకుంది.

“ఎవరు తీశారు?” మాస్టారు కేకకి కిటికీ అద్దాలు అదిరాయి.

టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ కొండమ్మే లోపలికొచ్చింది.

“నానే బాబూ. మసనుకున్నాను. ఆ పిల్ల తప్పేటీ నేదు. పొరపాటు నాది.”

“నిన్నెవరు తోమమన్నారు?”

“తవరే గదా బాబూ! పెతీ వస్తువూ తళతళలాడాలన్నారు.”

గది గదంతా గాఢ ద్రావణంలా చిక్కబడింది. మాస్టారు అందరి ముందూ నన్ను పొటాషియం క్లోరైడ్‌లో ముంచారు. ఇరవయ్యేళ్ల కిందటి చీటీకీ నాకూ పొత్తు కుదరలేదు. ఆయన ఆ చీటీని తన గోటితోనే గీకేశారు.

“తూకం సరిగానే ఉందమ్మా, రత్నం. చూడనిది నేను” అన్నారు. ఆయన నోట ఆ మాట ఆ సెంటర్లో ఎవరూ అంతకు ముందు వినలేదు.

ఆ సాయంత్రం ఆయనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. ప్లాటినిక్ క్లోరైడ్ ద్రావణంలో చిటికెడు లెడ్ ఎసిటేట్ వేసి నన్ను ముంచారు. ఈ రేకుకోసారి, ఆ రేకుకోసారి కరెంటు తిప్పుతుంటే నలుపు మెల్లగా తిరిగొచ్చింది. జుట్టుకి రంగేసుకున్న మాస్టారూ, పూతేసుకున్న నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. వారం తిరిగేసరికి రత్నం గీత తల వాల్చకుండా తిన్నగా సాగింది.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. కొత్త మీటర్లు అంకెల్ని ఎర్రగా వెలిగిస్తున్నాయి. మాస్టారు లేరు. పచ్చ కన్ను ఎప్పుడో మూతపడింది. ఏడాదికి ఒక్కరోజే, ఆయుధపూజనాడే, ఇప్పుడు డిపార్ట్‌మెంటు హెడ్ అయిన పైడిరత్నంగారు నన్ను తీసి డిస్టిల్డ్ వాటర్‌లో నిలబెడతారు. రిటైరైన అప్పలకొండమ్మని కబురుపెట్టి పిలిపించి, మొదటి బొట్టు ఆవిడ చేతే పెట్టిస్తారు.

మొన్నటి దసరాకి కొత్త బ్యాచి పిల్లొకతి అడిగింది, “ఇంత మసిబారిందేంటి మేడం, కడగలేదా?”

రత్నంగారు నోరు తెరిచేలోపే కొండమ్మ కుంకం వేలు అడ్డంపెట్టింది. “మసి కాదమ్మా, అది దాని పనితనం. ఓపాలి తోమి సూసినాను నాను. రండి, సెప్తాను” అంటూ అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుంది.