మొక్కు గ్లాసు

మంగ తన గ్లాసును కిటికీ గట్టు మీద, మిగతావాళ్ళ నీళ్ళ సీసాలకు జానెడు ఎడంగా పెట్టింది. అంచు కింద పసుపు దారం కట్టిన స్టీలు గ్లాసు. తర్వాత పీట లాక్కుని, కొంగు నడుముకు దోపుకుని, చిన్న చాకుతో పళ్ళెంలోని జీడిపప్పు పొట్టు ఒలవడం మొదలుపెట్టింది. నలభై ఆరేళ్ళ మనిషి. జీడిపిక్కల నూనె అంటి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. జాకెట్టు వదులైపోయి, రెండు పిన్నీసులతో నిలబడుతోంది.

పలాసలోని ఆ జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే గది అది. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటారు. ఫ్యాను వెయ్యరు, కిటికీ తియ్యరు. గాలి సోకితే తీసిన పొట్టంతా ఎగిరి మళ్ళీ పప్పులోనే పడుతుంది. కిటికీ రెక్క సందులో గుడ్డ కుక్కింది కూడా మంగే. పద్దెనిమిదేళ్ళ పనితనం మరి.

చలికాలంలో దగ్గు పట్టుకుంది. జీడిపిక్కలు కాల్చే పొగకు ఆ గదిలో అందరూ దగ్గుతారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు మింగమని మందులిచ్చారు. ఆ మాట వినగానే మంగకు భయం కన్నా ముందు సిగ్గు వచ్చింది. వాళ్ళ వాడలో ఆ జబ్బు వచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవరు, జబ్బు పేరుతోనే పిలుస్తారు. సముద్రం మీద వేటకు పోయే మొగుడు కొండబాబుకు కూడా చెప్పలేదు, ఆయన మనసు పాడుచెయ్యడం ఎందుకని. అదీ ఒక సాకే. రెండు నెలలు మింగేసరికి ఒళ్ళు తేలికపడింది. ఇంకేం, మానేసింది. మిగిలిన మాత్రలు బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి. నెల తిరక్కుండా దగ్గు మళ్ళీ వచ్చింది.

అలాగని మంగ చెడ్డ మనిషి కాదు. తన ఎంగిలి ఎవరికీ తగలకూడదని గ్లాసు వేరు చేసుకుంది. ఎందుకని అడిగితే, నూకాలమ్మకు మొక్కుకున్నాను, ఏడాది దాకా ఎంగిలి కలపకూడదు అంది. అబద్ధం అతికినట్టు సరిపోయింది. మొగుడు సముద్రంలో క్షేమంగా ఉండాలని మొక్కి ఉంటుందని మిగతాది వాళ్ళే కల్పించుకున్నారు. గదిలో మంగకు గౌరవం పెరిగింది. పక్క పీట మీద కూర్చునే దేవి, పాలు తాగే పిల్లను అత్త దగ్గర వదిలి పనికొచ్చే పిల్ల, ఒక శుక్రవారం ఏకంగా కాళ్ళకు దండం పెట్టింది. మంగ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

ఈ పొద్దున పనికొస్తూ పూండిలో పలాస ఆటో కోసం నిలబడితే ఆశా కార్యకర్త కళ్యాణి పట్టుకుంది.

“మందు మానేసినావట కదేటి పిన్నీ?”

“సిన్నగా మాటాడు. నానెవులికీ అంటించనేదు. నా గ్లాసు యేరే, నా కంచం యేరే.”

“గ్లాసులో ఏటుంది పిన్నీ? నువ్వు దగ్గితే గాల్లోకొస్తాది. మూసిన గదిలో అలాగే ఉండిపోద్ది. పక్కనున్నోల్లు పీలిస్తే ఆల్లకొస్తాది. మందు మద్దిలో మానేస్తే మొండిదైపోద్ది కూడాను. ఇయాలే ఆసుపత్రికి రా.”

ఆటో వచ్చింది. మంగ ఎక్కేసింది. మూసిన గది అన్న మాట మాత్రం పలాస దాకా ఆమెతోనే వచ్చింది.

ఇప్పుడు పక్కన దేవి దగ్గుతోంది. మూడు వారాలుగా దగ్గుతోంది. పొగ అని దేవి అనుకుంటోంది. నిన్నటిదాకా మంగా అలాగే అనుకుంది, లేదా అనుకోవాలనుకుంది.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పారు. దేవి మూత కూడా తియ్యలేదు.

“తినవేటే?”

“బుద్ది కాట్లేదప్పా. సాయంత్రానికి ఒల్లు ఎచ్చబడిపోతంది. పిల్లకి పాలిస్తన్నా దగ్గే.” దేవి చూపు కిటికీ గట్టు మీదికి పోయింది. “కోపం సెయ్యకప్పా. నీ మొక్కు గ్లాసుతో ఒక్క గుక్క తాగుతాను. అమ్మోరు దయతో తగ్గిపోద్ది.”

దేవి గ్లాసును రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది.

గ్లాసులో ఏమీ లేదని కళ్యాణి చెప్పింది కదా. తాగితే తాగనీ. కొత్తగా వచ్చే నష్టం లేదు. నోరు మూసుకుంటే మొక్కు మొక్కుగానే ఉంటుంది. ఇంత లెక్క రెప్పపాటులో తనకు తట్టినందుకు మంగకు తన మీద తనకే రోత పుట్టింది.

“అది మొక్కు గ్లాసు కాదే,” అంది. “మొక్కూ నేదు, గిక్కూ నేదు. నాకు టీబీ. మందు మద్దిలో మానేసినాను. గ్లాసు యేరు సేస్తే సాలనుకున్నాను. దగ్గుతోనే గాల్లోకొస్తాదంట. సలికాలం నుంచి నీ పక్కనే దగ్గతన్నాను.”

ఎదురు వరుసలో రజని తన అన్నం గిన్నె ఒళ్ళోకి లాక్కుంది. దేవి చేతుల్లో గ్లాసు ఇంకా అలాగే ఉంది.

“నాసేత కాల్లకి దండం ఎట్టించుకున్నావు గదప్పా,” అంది దేవి. అంతే అంది. తిట్టినా బాగుండేది. మంగ తల ఎత్తలేకపోయింది.

లేచి వెళ్ళి కిటికీ సందులోని గుడ్డ పీకేసింది. ఏళ్ళ తరబడి బిగుసుకున్న రెక్కను రెండు చేతులా తోసింది. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. ఎర్రటి పొట్టు లేచి జుట్ల మీద, అన్నాల మీద పడింది.

“ఇది ముయ్యకండి. దేవీ, కల్లె పరీక్ష సేయించుకో. పిల్లదాన్నీ సూపించు. ఇక్కడ కూకున్నోల్లందరూ ఎల్లండి. మందు ఊరికే ఇత్తారు. నాలాగ మద్దిలో మానెయ్యకండి.”

గోల విని మేస్త్రి పాపారావు వచ్చాడు. ముందు ఎగురుతున్న పొట్టు చూశాడు, తర్వాత సంగతి విన్నాడు. చెడ్డవాడు కాడు. గడప వైపు చూస్తూ, “నయమయ్యాక రా మంగా,” అన్నాడు. మంగ క్యారేజీ సర్దుకుని, చెప్పులేసుకుని, ఎవరినీ తాకకుండా గోడవారగా బయటికి నడిచింది.

గేటు దగ్గర కొంగు మూతికి అడ్డంగా కట్టుకుంటుంటే దేవి వచ్చింది. చేతిలో గ్లాసు లేదు. పది అడుగుల అవతలే ఆగింది.

“ఆసుపత్రి దూరమేనా?”

“నడిసెల్లిపోవచ్చు.”

“అయితే ముందు నువ్వు నడు.”

మంగ నడిచింది. వెనక్కి తిరిగి చూసే ముఖం లేదు. వెనక దగ్గు వినబడుతోంది కాబట్టి దేవి వస్తోందని తెలుస్తోంది.

నాలుగడుగులు వేశారో లేదో, వెనక ఏదో ఖంగుమంది. ఆ వెంటనే కిటికీ రెక్క దబ్బున మూసుకున్న చప్పుడు. అప్పుడు మంగ ఆగి తిరిగి చూసింది.

మూసిన కిటికీ కింద, పొట్టు కుప్ప పక్కన గచ్చు మీద, పసుపు దారం కట్టిన గ్లాసు బోర్లా పడి ఉంది.