చెక్కని తేదీ

కర్ర మేకు మొదటి దెబ్బకి దిగలేదు. సర్వేయరు సుత్తి ఎత్తి ఇంకోటి వేశాడు. ఈసారి నేలలోకి జానెడు దిగింది.

"ఆగు బాబూ! అక్కడ మా ఆయనున్నాడు!"

గోడ పక్క నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషిని క్వారీలో అందరూ తేదీలక్క అంటారు. సర్వేయరు చేతిలో కాగితం తిరగేశాడు. చెడ్డవాడేం కాదు. చెప్పిన పని చేసుకుపోయే రకం.

"ఇది ఖాళీ స్థలమని ఉందమ్మా. మనుషుల్ని పూడ్చుంటే పేరేది? రాయేది?"

తేదీలక్క వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది.

గోడకి లోపల క్వారీ యజమాని వంశం సమాధులున్నాయి. ఏడు తరాలవి. పాలరాతి మండపాలు, రెక్కల బొమ్మలు, నిలువెత్తు పలకలు. ఒక్కొక్కటీ ఈ క్వారీవాళ్లు చెక్కి పెట్టినవే. గోడకి బయట పదకొండు మంది ఉన్నారు. మూడేళ్ల కిందట కొండచరియ విరిగి మీద పడితే ఒక్క పూటలో పోయినవాళ్లు. వాళ్ల తలల దగ్గర చెక్కిన పలక ఒక్కటీ లేదు. క్వారీలో రాయంతా నాదే అన్నాడు పెద్ద యజమాని. సరే అని ఊరుకున్నారు. ఇప్పుడా పెద్దాయనా పోయాడు, కొడుకు యజమాని అయ్యాడు. సర్కారు లోపలి సమాధుల్ని చారిత్రక కట్టడం అంది. చూడవచ్చేవాళ్ల కార్లు నిలపడానికి చోటు కావాలి కదా, అందుకని బయటివాళ్లని చదును చేస్తారట. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

మధ్యాహ్నం చెక్కుడు షెడ్డులో అందరూ చేరారు.

"ఇక్కడ నలభై సంసారాలున్నాయి," అన్నాడు మేస్త్రి. "ఎదురు తిరిగితే గేటుకి తాళం వేస్తాడు. తర్వాత ఏం తింటాం, రాళ్లా?"

"నోట్లో రాతిపొడి ఎలాగూ పడుతోందిగా," అంది పాలిష్ పట్టే పెద్దమ్మ. "పోయిన పదకొండు మందివీ సంసారాలు కావా? అందులో నీ తమ్ముడు లేడూ?"

మేస్త్రి తల దించుకున్నాడు. తేదీలక్క లేచి నిలబడింది.

"మేస్త్రిని అనకు పెద్దమ్మా. నన్నను. ఈ యజమాని తాతకి చెక్కాను, నాయనమ్మకి చెక్కాను. మా ఆయనకి మాత్రం ఒక్క గీత గీయలేదు. భయపడ్డాను. పొద్దున ఆ సర్వేయరు పేరేదీ అంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇక నావల్ల కాదు."

వాళ్ల పనిలో ఒక కట్టుబాటుంది. పేరూ పుట్టిన తేదీ షెడ్డులో చెక్కుతారు. పోయిన తేదీ మాత్రం రాయి సమాధి తల దగ్గర నిలబడ్డాకే, అక్కడే నిలబడి చెక్కాలి. మొదట ఆ పని తేదీలక్క నాన్నది, తర్వాత ఆమెది. పెద్ద యజమాని పలక నిన్నే నిలబెట్టారు. కింది వరస ఇంకా నున్నగా, ఖాళీగా ఉంది.

"మేకులు పీకేదాకా ఆ వరస ఖాళీగానే ఉంటుంది," అంది తేదీలక్క.

సాయంత్రం యజమాని స్వయంగా వచ్చాడు.

"ఎల్లుండి మంత్రిగారొచ్చి నాన్నగారి పలక ముసుగు తీస్తారు. తేదీ ఎక్కడ?"

"బయట మేకులు తీయించండి. గంటలో చెక్కుతాను."

"నన్నే బెదిరిస్తున్నావా?"

"నేనెంతదాన్ని బాబూ? మా లెక్కలో తేదీ పడేదాకా మనిషి పోయినట్టు కాదు. మీ నాన్నగారింకా ఉన్నట్టే. ఏం చేయమంటారో ఆయన్నే అడగండి."

వెనకెవరో కిసుక్కుమన్నారు. తర్వాత షెడ్డంతా నవ్వింది. యజమాని ముఖం కందగడ్డ అయింది. ఆ షెడ్డులో అతని ముందు జనం నవ్వడం అదే మొదలు.

మర్నాడు వేరే ఊరి నుంచి పనివాణ్ణి దింపాడు. అతను సంచి విప్పి, ఉలి తీసి, ఖాళీ వరస మీద వేలితో తడిమాడు. మేస్త్రి వైపు తిరిగాడు.

"ఈ ఊళ్లో తేదీ చెక్కే మనిషి లేరా అన్నా?"

"ఉంది. అదిగో, గేటు దగ్గర నిలబడి నిన్నే చూస్తోంది."

అతను ఉలిని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. "అయితే ఇది నా పని కాదు," అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే మంత్రి కంటే ముందు పోలీసులు దిగారు. తేదీలక్క చేతిలో ఉలీ సుత్తీ లాక్కుని, రెక్క పట్టి వ్యానెక్కించారు. లోపల షామియానా కింద మైకు గరగరలాడింది. చరిత్రను కాపాడుకోవాలంటూ మంత్రి మొదలెట్టాడు.

ఠంగ్!

మంత్రి ఆగాడు. మళ్లీ ఠంగ్ మంది. గోడకి బయటి వైపు, ఆ పదకొండు మంది తలల దగ్గర, మేస్త్రి ఉలి పెట్టి గోడ మీదే చెక్కుతున్నాడు. అవును, ఆ మేస్త్రే. ఒక్క దెబ్బ తప్పడం లేదు. పెద్దమ్మ మేకులు పీకి ఒళ్లో వేసుకుంటోంది. ఒకరి పక్కన ఒకరు, మిగతావాళ్లూ ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చి గోడకి ఎదురుగా నిలబడ్డారు.

"అది చారిత్రక గోడరా! ముట్టుకోకండి!" యజమాని గొంతు చించుకున్నాడు. సుత్తుల మోతలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడిపోయారు. తెచ్చింది ఒక్క వ్యాను.

మేస్త్రి వెనక్కి తిరిగి కేక వేశాడు. "అక్కా! మీ ఆయన పేరయింది! తేదీ నువ్వే చెప్పాలి!"

తేదీలక్క వ్యాను జాలీకి ముఖం ఆనించింది. మూడేళ్లుగా దిగమింగుకున్న తేదీ. చెప్పడానికి నోరు తెరిచింది.

గోడ దగ్గర నలభై గొంతులు ఒక్కసారిగా ఆ తేదీ చెప్పాయి.