స్క్రీన్ మార్పిడి

దేవిశ్రీ లాప్‌టాప్ పగలగొట్టింది ఆమె భర్త ఉదయ్‌కుమార్. మధురవాడలోని తమ అపార్ట్‌మెంట్‌లో ఆమె ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఉండగా, హాల్లో ఉన్న స్నేహితులకు చేపల పులుసు వడ్డించమని అతను గదిలోకి కేకేశాడు. ఆమె ఆగమని చేత్తో సైగ చేసింది. అతను లోపలికొచ్చి, లాప్‌టాప్ మూత ఠపీమని మూసి, నేలకేసి కొట్టాడు.

"నీకు ఉద్యోగమేటి? లేచి వడ్డించు."

ఆమె లేచి వడ్డించింది. ఆ చప్పుడేమిటని ఒకతను అడిగితే ఉదయ్ నవ్వాడు. "మా ఆవిడ లాప్‌టాప్ పడేసుకుంది. సేతిలో వస్తువు నిలవదు."

ఇంటర్వ్యూ పోయినందుకంటే ఆ నవ్వుకే ఆమెకు ఎక్కువ మండింది. వడ్డన అయ్యాక గదిలోకెళ్లి లాప్‌టాప్‌ను నేల మీంచి తీసింది; స్క్రీన్ ఒక్కటే పగిలింది.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి, పుట్టిల్లు భీమునిపట్నం వెళ్లింది. అక్కడ ఆమె చిన్నాన్న కొడుకు అప్పలసూరికి రిపేరు షాపుంది.

"ఇంత పాత మోడల్‌కి కొత్త స్క్రీన్ రాదక్కా. ఇలాటిదే ఇంకోటి దొరికితే, దాని స్క్రీన్ తీసి దీనికెయ్యాలి."

అలాంటిది ఇంట్లోనే ఉంది. కరోనా రోజుల్లో భార్యాభర్తలిద్దరూ ఒకే మోడల్ కొనుక్కున్నారు. రెండోది ఉదయ్‌ది.

"ఎలా ఇప్పుతారో నాకు సూపించు."

"నీకెందుకక్కా? దొరికితే నానే ఏసేత్తాను."

"నా సేత్తో నానే ఎయ్యాలి."

అప్పలసూరి ఆమె మొహం చూసి స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు. ముందు బ్యాటరీ వైరు తీయాలి. అంచు ఫ్రేము విరగకుండా గోటితో లేపాలి. స్క్రీన్ వెనకున్న సన్నటి వైరును లాగకుండా మెల్లగా జరపాలి. పగిలిన స్క్రీన్‌నే పదేపదే విప్పి బిగించి, తన చేతులకు ఆ పని అలవాటు చేసింది.

ఆ తర్వాత స్క్రూడ్రైవర్ వెంట తెచ్చుకుని మధురవాడ తిరిగొచ్చి, సమయం కోసం కాచుకుంది.

ఉదయ్‌కి తన కంపెనీలోనే మేనేజరు పోస్టుకి ఇంటర్వ్యూ వచ్చింది. హైదరాబాద్ పెద్దాఫీసువాళ్లు వీడియోలో మాట్లాడతారని ఇంటింటా చెప్పుకున్నాడు. ఆ ఉదయం అతను సెలూన్‌కి వెళ్లగానే, దేవిశ్రీ రెండు లాప్‌టాప్‌లనూ మంచం మీద పక్కపక్కన పెట్టింది. అతని స్క్రీన్ ఊడదీయబోతూ ఒక్క క్షణం ఆగింది. ఆ నవ్వు గుర్తొచ్చి మళ్లీ పనిలోకి వంగింది. మంచి స్క్రీన్ తనదానికి, పగిలింది అతనిదానికి బిగించింది. అతని లాప్‌టాప్‌ను గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఉన్నచోటే పెట్టేసింది.

అతను స్నానం చేసి, టై కట్టుకుని మూత తెరిచాడు. స్క్రీన్ నిండా పగుళ్లు, రంగురంగుల గీతలు.

"దేవీ! దీనికేటయింది?" అంటూ హాల్లోకి పరుగెత్తాడు. ఆమె ఒళ్లో లాప్‌టాప్ వెలుగుతోంది. అతనికి అర్థమైంది. "నా స్క్రీన్ తీసేసావా?"

"తీసేసాను. నువ్వు పగలగొట్టింది నీకే ఇచ్చేసాను."

పెళ్లయ్యాక అతన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. అతను చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు.

"కొట్టు. అటేపు మీవోళ్లు ఎదురుసూత్తన్నారు. లాప్‌టాప్ పడేసుకున్నానని సెప్పు. నవ్వతా సెప్పు."

చెయ్యి దిగింది. గొంతూ దిగింది. "ఒక్క గంట నీది ఇయ్యి, దేవీ."

"ఇయ్యను."

అతను ఫోన్‌లోనే మాట్లాడాడు. చూపించాల్సిన ఫైళ్లన్నీ లాప్‌టాప్‌లో ఉండిపోయాయి. పోస్టు ఇంకొకరికి వెళ్లింది. ఆమె తలుపు వెనక నిలబడి అతని తడబాటంతా విన్నది. పశ్చాత్తాపం కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు.

తర్వాత అదే లాప్‌టాప్ మీద మరో కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చి ఉద్యోగం తెచ్చుకుంది. ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. సంగతి తెలిసి భీమునిపట్నం నుంచి తల్లి జోగమ్మ ఫోన్ చేసింది.

"మొగుడి మీద అంత పంతమేటే?"

"పంతం కాదమ్మా. పగ."



"మీ నాన్న నా రేడియో నూతిలో పడేసినప్పుడు నాను ఊరుకున్నానే," అంది జోగమ్మ. "ఊరుకోకుండా ఉండాల్సింది."