అక్క తెచ్చిన బండి

అక్క ఆ బండిని తుక్కు దుకాణం నుంచి ఇంటికి ఈడ్పించుకొచ్చిన రోజున వీధిలో నవ్వనివాళ్ళు లేరు. ట్రాక్టరు వెనక ఇనపగొలుసుకు కట్టిన ఆ పాత పికప్పు, ముందు చక్రాలు చెరో దిక్కుకు తిరిగిపోయి, తాగినవాడిలా తూలుతూ సందు మలుపు తిరిగింది. రంగు ఎప్పుడో పోయింది. ఒక తలుపు లేదు. వెనక తొట్టిలో తుప్పు తిన్న చిల్లుల్లోంచి కింద రోడ్డు కనిపిస్తోంది.

ఎదురింటావిడ గేటు మీదికి వంగి, "ఏమిటండీ ఇది? కోళ్ళు పెంచుతారా ఇందులో?" అంది.

"బండేనండీ," అంది అక్క. మొహం ఎర్రబడింది గానీ మాట తడబడలేదు. "మా తమ్ముడు బాగుచేస్తాడు."

ఎదురింటావిడ నవ్వు ఆగిపోయింది. ఆ తమ్ముడు గది దాటి బయటికి రాక చాలాకాలమైందని వీధిలో అందరికీ తెలుసు.

అతను బస్సు డిపోలో మెకానిక్కు. అమ్మానాన్నలు పోయాక అక్కే పెంచింది. తర్వాత ఆమెకు పెళ్ళయి, ఆ కాపురం నిలవక తిరిగి వచ్చేస్తే, ఒక్క ప్రశ్న వెయ్యకుండా పెట్టె అందుకుని లోపలికి తీసుకెళ్ళినవాడు అతనే. ఆమె కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేసేది. అతను సాయంత్రం ఒంటినిండా గ్రీజుతో వచ్చేవాడు. పెళ్ళి మాట ఎత్తితే, "డిపోలో నలభై బస్సులున్నాయి, ముందు వాటిని ఒక ఇంటివాటిని చెయ్యనీ అక్కా," అని నవ్వించి తప్పించుకునేవాడు.

ఒక వానరోజు అతను చూసి పంపిన బస్సు వంతెన మలుపులో కాలువలో పడింది. పోయినవాళ్ళలో బడిపిల్లలు ఉన్నారు. విచారణ జరిగింది. డ్రైవరు కునికాడనీ, బ్రేకుల్లో లోపం లేదనీ తేల్చారు. డిపోవాళ్ళంతా వచ్చి భుజం తట్టారు. అతను అందరికీ తలూపాడు. వాళ్ళు వెళ్ళాక, "నీళ్ళలో నానిన బ్రేకులో ఏం తెలుస్తుందక్కా? చివరిసారి చూసింది నేను," అన్నాడు. అంతే. గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

డాక్టర్లకు చూపించింది. మందులు మింగించింది. బతిమాలింది, తిట్టింది, ఒకసారి అతని ముందే తల బాదుకుంది. అతను అన్నిటికీ "సరే అక్కా" అనేవాడు. ఆ "సరే" వినీ వినీ ఆమెకు ఆ మాటంటేనే ఒళ్ళు మండిపోయేది. చివరికి, తమ్ముడికి తెలిసిన భాష ఇనుమొక్కటే కదా అని తట్టింది. తుక్కు దుకాణానికి వెళ్ళింది.

బండి వచ్చినా అతను కిటికీలోంచి కూడా చూడలేదు. ఇంటిపక్క రేకుల షెడ్డులో అది అలా పడి ఉంది. ఒక ఆదివారం అక్క పంతం పట్టి, సుత్తి తీసుకుని, బిగుసుకుపోయిన బానెట్టును తనే తెరవబోయింది. కొట్టింది. మళ్ళీ కొట్టింది. రేకు సొట్టపడింది గానీ తెరుచుకోలేదు.

"అక్కడ కొట్టకక్కా!" కిటికీలోంచి గొంతు వినిపించింది. "కొక్కెం విరిగిపోతుంది."

ఆమె సుత్తి దించింది. వెనక్కి తిరక్కుండా, "మరి ఎక్కడ కొట్టాలి?" అంది.

"అసలు కొట్టొద్దు."

"అయితే నువ్వొచ్చి తియ్యి. నా చేతులు పోతున్నాయిక్కడ."

చాలాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. అతను చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. వెలుతురుకు కళ్ళు చికిలించి, గడ్డం మాసి, దొడ్లో కట్టేసి మరిచిపోయిన పశువులా ఉన్నాడు. ఆమె చేతిలో సుత్తి తీసుకున్నాడు. బానెట్టు జోలికి పోలేదు. టార్చి అడిగి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. లోపల్నుంచి సుత్తి తట్టిన చప్పుడు టక్, టక్ అని ముందు నుంచి వెనకదాకా సాగింది. ఒకచోట ఆగింది. మళ్ళీ తట్టాడు. అక్కడ చప్పుడు వేరుగా, మెత్తగా ఉంది.

బయటికి వచ్చేసరికి జుట్టునిండా తుప్పు.

"ఎలా ఉందిరా?" అంది అక్క. గొంతులో ఆశ దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

అతను ఆమె మొహంలోకి చూశాడు. కొంచెంసేపు చూశాడు. "చెయ్యొచ్చక్కా," అన్నాడు.

అక్కణ్ణుంచి ఆ ఇంటికి ప్రాణం వచ్చింది. అతను తుప్పుపట్టిన బోల్టులకు డీజిల్ పట్టించి నానబెట్టి ఒక్కొక్కటే విప్పాడు. ఇంజను కిందికి దించి, బిగుసుకున్న పిస్టన్లు ఊడబెరికి, సిలిండర్లు కొత్తగా బోరు పట్టించాడు. తొట్టికి కొత్త రేకు వెల్డింగు చేశాడు. బండిని ఉన్నట్టు బాగుచెయ్యడంతో సరిపెట్టుకోలేదు. ప్రమాదంలో నుజ్జయిన ఎవరిదో కారు నుంచి పవర్ స్టీరింగు తెప్పించాడు. ముందు చక్రాలకు పాత డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు పెట్టాడు. వైరింగంతా పీకేసి కొత్తది వేశాడు. అక్క దుకాణం నుంచి వస్తూనే సంచీ గుమ్మంలో పడేసి షెడ్డులోకి పరిగెత్తేది. బండ్ల గురించి ఆమెకు ఓనమాలు తెలియవు. అయినా, "అదేమిటి? ఇదెందుకు?" అని ప్రాణం తీసేది. అతను చెప్పేవాడు. ఆకలేసిందని అడిగి మరీ తినేవాడు. ఒకరోజు ఈల వేశాడు. ఆమె వంటింట్లో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయి, చప్పుడు కాకుండా ఏడ్చింది.

సీటుకు తనే గుడ్డ కుట్టింది. ముదురు నీలం, అంచుకు రెండు వరసల కుట్టు. అతను దాన్ని నిమిరి, "బండికంటే సీటే బాగుంది," అన్నాడు.

కానీ బండి పూర్తికాలేదు. ఇంజను స్టార్టయింది, రంగు పడింది, లైట్లు వెలిగాయి. ఇంకేం మిగిలిందో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే, "చిన్న పని ఉందక్కా," అనేవాడు. బిగించిన బ్రేకులు మళ్ళీ విప్పేవాడు. తుడిచి బిగించేవాడు. మర్నాడు మళ్ళీ విప్పేవాడు. బండిని షెడ్డు గుమ్మం దాకా తీసుకొచ్చి, తిరిగి వెనక్కి నడిపేవాడు.

భయపడుతున్నాడని అనుకుంది అక్క. ఒక్కసారి రోడ్డెక్కిస్తే ఆ భయం వదులుతుందనుకుంది. అతనికి చెప్పకుండా డిపో ఫోర్‌మన్‌ను పిలిచింది. తమ్ముడికి పని నేర్పిన పెద్దాయన. ఆయన వచ్చి బండి చుట్టూ తిరిగాడు. "వీడి చేతుల్లో ఏదో ఉందమ్మా," అంటూ మురిసిపోయాడు. ఆనక, ఆ వయసులో కూడా, కష్టపడి బండి కిందికి దూరాడు. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వద్దనలేదు.

టక్, టక్. తర్వాత మెత్తటి చప్పుడు. తర్వాత ఏదో పెచ్చుగా ఊడి నేలమీద పడింది.

ఫోర్‌మన్ బయటికి వచ్చి తమ్ముడి వైపు చూడకుండా అక్కతో చెప్పాడు. "చాసిస్ పోయిందమ్మా. బండినంతా మోసే దూలాలే అవి. లోపల పిండైపోయాయి. పైన పుట్టీ పెట్టి రంగేశారు. ఇది రోడ్డెక్కి బరువు పడితే రెండు ముక్కలవుతుంది."

"వీడికి తెలియలేదేమో అన్నయ్యా..."

"వీడికా?" అన్నాడాయన.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "తెలుసా నీకు?"

"తెలుసక్కా. మొదటిరోజే తెలుసు."

"తెలిసీ... ఇన్నాళ్ళూ..." ఆమె బండి వైపు చూసింది. "మరెందుకు చేశావురా ఇదంతా?"

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "అందుకే చెయ్యగలిగానక్కా. ఇది ఎక్కడికీ పోదు కదా. దీని బ్రేకులు ఎలా ఉన్నా ఎవరూ చావరు."

షెడ్డు రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఫోర్‌మనే ముందు తేరుకున్నాడు. డిపో వెనక గట్టి చాసిస్ ఒకటి పడి ఉందనీ, రేపే పంపుతాననీ, దాని మీదికి మారిస్తే బండి ఇంకో తరం నడుస్తుందనీ అన్నాడు.

"విన్నావా? మార్చేద్దాంరా. నేను సాయం చేస్తాను," అక్క అతని చొక్కా పట్టుకుంది. "నువ్వు ఏది చెబితే అది పట్టుకుంటాను. మార్చేద్దాం."

"మారిస్తే నడుస్తుందక్కా," అన్నాడు అతను, చిన్నపిల్లకు చెప్పినట్టు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మెల్లగానే వేసుకున్నాడు.

మళ్ళీ "సరే అక్కా"లు మొదలయ్యాయి. ఈసారి సుత్తి పట్టుకుని బానెట్టు మీద ఎంత బాదినా కిటికీలోంచి గొంతు రాలేదు. ఆమె బాదింది కూడా. ఎదురింటావిడ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది. ఒకరోజు అన్నం దగ్గర అతనే, "ఆ బండిని తుక్కుకు ఇచ్చెయ్యక్కా. చూడలేకపోతున్నాను," అన్నాడు. ఫోర్‌మన్ మనుషుల్ని పంపి బండిని పట్టించుకెళ్ళాడు.

కొన్ని వారాలకు ఆయన కర్టెన్ల దుకాణానికి వచ్చాడు. నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. "తుక్కు చెయ్యడానికి చేతులు రాలేదమ్మా. వాడి పనితనం అది. కొత్త చాసిస్ మీదికి ఎక్కించాం. కూరగాయలు తోలే ఒకతను నడుపుతున్నాడు. దివ్యంగా ఉంది. వాడికి చెప్పాలంటావా?"

అక్క చాలాసేపు చేతిలో గుడ్డ మడతపెడుతూనే ఉంది. లోపలెక్కడో సంతోషంగా కూడా ఉంది. తమ్ముడు చేసినది ఒకటి లోకంలో తిరుగుతోంది. "వద్దన్నయ్యా," అంది. "తుక్కైపోయిందనే అనుకోనివ్వండి."

ఆ అబద్ధం ఎక్కువకాలం నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ భోంచేస్తున్నారు. వీధిలో ఏదో బండి వెళ్ళింది. తమ్ముడి చెయ్యి ముద్దతో సహా గాల్లో ఆగింది.

"అది నా ఇంజను."

"నీ ఇంజనేమిటి? బోలెడు బండ్లు తిరుగుతుంటాయి," అంది అక్క.

అతను ఆమె మొహం చూశాడు. దాచుకోవడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఎవరికిచ్చావు?"

ఆమె చెప్పేసింది. చాసిస్ మార్చారనీ, గట్టిగా ఉందనీ, ఫోర్‌మన్ తనే దగ్గరుండి చూశాడనీ చెప్పింది. అతనికి అవేవీ వినిపించలేదు.

"బ్రేకులు ఎవరివి?"

"ఏమోరా..."

"నేను బిగించినవేనా?"

అతను లేచాడు. చెయ్యి కడుక్కోకుండానే గుమ్మం దాటాడు, గేటు దాటాడు. ఆ గేటు అతను దాటాలని ఆమె కోరని రోజు లేదు. ఇప్పుడు అతని చెప్పులు చేత్తో పట్టుకుని, "ఆగరా, ఆగు," అంటూ వెంటపడి, సందు చివర్న ఆయాసంతో కూలబడింది.

ఆరోజు నుంచి అతను తెల్లారితే ఇంట్లో ఉండడు. కూడలిలో నిలబడి వచ్చేపోయే ప్రతి బండినీ చెవులతో వెతుకుతాడు. పాలబండ్ల వెనక నడుస్తాడు. పెట్రోలు బంకు దగ్గర కూర్చుంటాడు. ఎండకు మొహం కమిలిపోయింది. ఆమె దుకాణం మానేసి కొన్నాళ్ళు వెంట తిరిగింది. "ఇంటికి పోదాం రా," అంటే, "పిల్లలు ఎక్కుతారేమోనక్కా ఆ తొట్టిలో," అనేవాడు. ఫోర్‌మన్ వచ్చి, కావాలంటే బండిని వెనక్కి తెప్పిస్తానన్నాడు. కూరగాయలతను ఒప్పుకోలేదు. అతని పొట్టకూడు అది.

చివరికి ఒకరోజు ఇద్దరు మనుషులు తమ్ముణ్ణి చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. పెదవి చిట్లింది. చొక్కా భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది. మార్కెట్టు బయట ఆగి ఉన్న బండి కిందికి దూరాడట. దొంగ అనుకుని కూరగాయలతను కాళ్ళు పట్టి లాగి, జనంతో కలిసి చావగొట్టాడట. ఎవరో డిపోవాడు గుర్తుపట్టి ఆపించాడట. తీసుకొచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు.

అక్క అతన్ని అరుగు మీద కూర్చోబెట్టింది. తడిగుడ్డతో మొహం తుడిచింది. అతను ఎన్నాళ్ళుగానో లేనంత నెమ్మదిగా ఉన్నాడు. వేళ్ళనిండా కొత్త గ్రీజు.

"చూశానక్కా," అన్నాడు, చిట్లిన పెదవితోనే. "బాగానే ఉన్నాయి."

"ఉంటాయిరా. నువ్వు చేసినవి కదా," అంది ఆమె, ఊపిరి పీల్చుకుని. "ఇంక చాలు. ఇంక పోవద్దు."

అతను ఆమె చేతిలో తడిగుడ్డ తీసుకుని, చొక్కాకు అంటిన మట్టి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఇవాళ్టికి బాగున్నాయక్కా," అన్నాడు. "రేపు మళ్ళీ చూడాలి."