సీసా మొక్కలు, అత్తగారి మట్టి

కిగ్గుండు మసాకా అనే ఊరి దగ్గర, సీసాల్లో అరటి మొక్కలు పెంచే ప్రయోగశాలలో పనిచేస్తాడు. కిందటి వానలకు అత్తగారికి గొప్పగా మొక్కలు పంపాడు. అన్నీ నిలువునా వాడిపోయాయి. వాళ్ల ఆచారం ప్రకారం అత్తా అల్లుడూ ఒకరి కంట ఒకరు పడకూడదు కాబట్టి, ఆవిడ చీవాట్లు అరటాకుల వెనక నుంచి కూతురు నబుకీరా మీదుగా వచ్చాయి.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. సీసాలో పెరిగిన పిల్లలకి మట్టిని చూస్తే జడుపు జ్వరమట!"

కిగ్గుండుకి తల కొట్టేసినట్టయింది. తప్పు తమదే. శుభ్రం, శుభ్రం అంటూ మొక్క ఒంట్లో కాపురముండి దాన్ని కాచుకునే మంచి సూక్ష్మజీవులను కూడా తరిమేశారు. అవి ఆవిడ పాత అరటి దుబ్బుల వేళ్లలో హాయిగా ఉన్నాయి.

"ఆ ముసలి దుబ్బు వేళ్లు కాసిని ఇస్తారేమో అడుగు," అన్నాడు భార్యతో, అటు తిరిగి, గట్టిగా.

"తవ్వుకోమను. ఇదే ఆఖరు. ఈసారీ చస్తే తోటంతా కర్రపెండలం వేసేస్తా. మటోకె ముద్ద కావాలంటే అరటికాయలు బజార్లో కొనుక్కోమను!"

మటోకె లేని అత్తారిల్లు తలచుకుంటేనే కిగ్గుండుకి ఏడుపొచ్చింది.

వేళ్లు కడిగి, నూరి, అందులోని జీవులను పెంచి సీసాల్లోని మొక్కలకు పట్టాడు. కొన్నాళ్లకు ఓ పొద్దున చూస్తే మొదళ్ల చుట్టూ గంజినీళ్లలాంటి తెల్లపొర. ఆ ప్రయోగశాలలో తెల్లపొర అంటే సీసాలో సూక్ష్మజీవులు చేరాయని, అది కనబడితే ఎవరూ బుర్రను అడగరు, చెయ్యే చూసుకుంటుంది. కిగ్గుండు చెయ్యి సీసాలన్నిటినీ పెద్ద ఆవిరి కుక్కర్లో పెట్టి మూత బిగించింది. బుస్సుమని ఆవిరి వచ్చాక గానీ సంగతి తలకెక్కలేదు. పిలిచి తెచ్చుకున్న చుట్టాలను తన చేత్తోనే ఉడకేశాడు.

మళ్లీ అత్తగారి తోటకే. ఏదో అబద్ధం చెబుదామనుకున్నాడు కానీ నోరు రాలేదు. ఉన్నదున్నట్టు భార్యకు చెప్పాడు, ఆకులకు వినబడేలా.



"ఉడకేశాడా! అమ్మాయ్, ఉప్పేశాడో లేదో కనుక్కో!"

నవ్వీ నవ్వీ ఆవిడే పార పట్టింది. తవ్విన వేళ్లను ఆకులో చుట్టి నేల మీద పెట్టి వెనక్కి తప్పుకుంది.

ఈసారి మొక్కలు బతికాయి. తోటలో అవి కొత్త ఆకు విప్పాయని తెలిసి కిగ్గుండు ఒక్కడే పరుగున వెళ్లాడు. చూసిన సంతోషానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు," అంది ఆకుల వెనక గొంతు, "పొయ్యి మీద మటోకె ఉంది, తినకుండా కదలొద్దని."

నబుకీరా ఆ రోజు ఊళ్లోనే లేదు.

"అలాగే చెబుతానమ్మా," అన్నాడు కిగ్గుండు.